మాడు మీద ఎలక్ట్రోడు: ఒక వినికిడి ప్రాజెక్టు డైరీ

జూన్ 9

మా క్లినిక్‌కు వచ్చే తల్లులందరూ చివరికి అడిగేది ఒకటే. "చెవి మిషన్ పెట్టించాం మేడం, ఇప్పుడు మా పాపకు మాటలు వినబడుతున్నాయా?" ఐదేళ్ల పిల్లలైతే వాళ్లనే అడిగి తెలుసుకుంటాం. రెండేళ్ల వాళ్లయితే శబ్దం వచ్చిన వైపు తల తిప్పుతారు. ఏడు నెలల పాపను ఏమని అడగాలి? ఇన్నాళ్లూ బెరా అనే వినికిడి పరీక్ష రిపోర్టు చూసి, దాన్నిబట్టి మిషన్‌లో శబ్దాన్ని ఎంత పెంచాలో లెక్కకట్టి, "వినబడుతూ ఉండాలి" అని చెప్పి పంపుతున్నాను. ఆ "ఉండాలి" అన్న మాట నన్ను చాలా కాలంగా నిలవనివ్వడం లేదు.

బెరా చాలా మంచి పరీక్ష. టిక్కుమనే శబ్దం చెవిలో పడిన పది మిల్లీసెకన్లలోపు, శ్రవణ నాడి నుంచి మెదడు కాండం దాకా సాగే సంకేతాన్ని అది పట్టుకుంటుంది. పాప నిద్రలో ఉన్నా ఫలితం వస్తుంది. కానీ అది చూసేది దారిలో సగమే. పైగా మిషన్ పెట్టి బెరా చేయడం దాదాపు కుదరదు. ఆ టిక్కు శబ్దాన్ని మిషన్ మాటలాగా చూడదు. మిషన్‌లోని విద్యుత్ సంకేతమే రికార్డింగులోకి చొరబడి తరంగంలా కనిపించే ప్రమాదమూ ఉంది.

మెదడు పైపొర ఇచ్చే స్పందన వేరు. శబ్దం మొదలైన 50 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య నెమ్మదిగా లేచి పడే తరంగం అది. మెలకువలో ఉన్న మనుషులకు శబ్దం వినిపించినప్పుడు మెదడు విద్యుత్తులో మార్పు వస్తుందని పౌలీన్ డేవిస్ 1939లోనే చూపించింది. సిడ్నీలోని నేషనల్ అకౌస్టిక్ లాబొరేటరీస్ వాళ్లు ఇదే సూత్రం మీద, చిన్న పిల్లల చెవి మిషన్ల పనితీరు చూడడానికే హియర్‌ల్యాబ్ అనే యంత్రాన్ని తయారు చేశారు. అది మా దగ్గర లేదు. మా దగ్గరున్న బెరా యంత్రంలోనే, ఈ నిదానపు తరంగాన్ని రికార్డు చేసే ఎల్‌ఎల్‌ఆర్ అనే విభాగం ఉంది. కొన్నప్పటి నుంచి దాన్ని తెరిచినవారే లేరు. మన సొంత శబ్దాలను కూడా అందులో ఎక్కించవచ్చని మాన్యువల్‌లో ఉంది. మిషన్ పెట్టిన పిల్లల్లో మాటల శబ్దాలు మెదడు పైపొర దాకా చేరుతున్నాయో లేదో దానితో చూడాలన్నదే ఈ ప్రాజెక్టు.

ఎథిక్స్ కమిటీ అనుమతి నిన్న వచ్చింది. తల్లిదండ్రులకు ఇచ్చే అంగీకార పత్రాన్ని తెలుగులో నేనే రాశాను. ఈ పరీక్ష ఒక్కదాన్ని బట్టి ఏ బిడ్డ విషయంలోనూ నిర్ణయం తీసుకోబోమన్న వాక్యాన్ని అందులో లావు అక్షరాలతో వేయించాను.

జూన్ 16

శబ్దాల పని మొదలైంది. సిడ్నీ వాళ్లు ఇంగ్లీషులోని మ్, గ్, ట్ శబ్దాలను వాడారు. మ్ తక్కువ పౌనఃపున్యానికి, గ్ మధ్యస్థానికి, ట్ ఎక్కువకు ప్రతినిధి. ఒక్కో శబ్దం 20 నుంచి 30 మిల్లీసెకన్లే ఉంటుంది. మా పిల్లలు వినేది తెలుగు కాబట్టి తెలుగు శబ్దాలనే కోద్దామనుకున్నాను. సహోద్యోగి చేత ఒక పేజీ చదివించి, రికార్డు చేసి, అందులోంచి కోయడం మొదలుపెట్టాను.

"అమ్మ"లోంచి మ్ తేలిగ్గా వచ్చింది. దాని శక్తంతా 500 హెర్ట్జ్ లోపే ఉంది. గ దగ్గర మొదటి చిక్కు. మనం గ అనేటప్పుడు నాలుక విడిపోకముందే గొంతు మోగడం మొదలవుతుంది. ఆ గుంయ్‌మనే భాగం కింది పౌనఃపున్యానిది. దాన్ని వదిలేసి, గాలి విడుదలయ్యే చోటు నుంచి 20 మిల్లీసెకన్లు తీసుకుంటే తప్ప మధ్యస్థ శబ్దం దొరకలేదు.

అసలు చిక్కు ట దగ్గర వచ్చింది. ఇంగ్లీషు ట్‌లో, ముఖ్యంగా పదం మొదట్లో, గాలి ఊదినట్లు చాలాసేపు సాగుతుంది. 30 మిల్లీసెకన్లు కోసినా అదంతా పై పౌనఃపున్యాల రాపిడే. మన ట అలాంటిది కాదు. నాలుక మడిచి కొట్టిన దెబ్బ పది, పదిహేను మిల్లీసెకన్లలో అయిపోతుంది, వెంటనే అచ్చు వచ్చేస్తుంది. అంటే 30 మిల్లీసెకన్ల ముక్కలో సగం "ఆ" ఉంటుంది. పై పౌనఃపున్యాలు అసలు వినబడని పిల్లవాడు కూడా ఆ "ఆ"ను విని స్పందిస్తాడు. మేమేమో ట వినబడిందని రాసుకుంటాం. ఇంతకన్నా ప్రమాదకరమైన తప్పు ఈ ప్రాజెక్టులో ఉండదు. ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే రంగుల పటాన్ని తెరమీద చూస్తుంటే నాకు చెమట పట్టింది.

ట బదులు స తీసుకున్నాను. స సాగదీయగల శబ్దం కాబట్టి అచ్చు అంటకుండా 30 మిల్లీసెకన్లు హాయిగా దొరుకుతుంది. శక్తి ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైనే ఉంది. మూడు ముక్కలకూ అంచులు నున్నగా చేశాను. లేకపోతే కోసిన చోట టిక్కు పుడుతుంది, మెదడు దానికే స్పందిస్తుంది.

ఒక సంగతి ఇక్కడ రాసిపెట్టుకోవాలి. చెవి మిషన్లు అమర్చేటప్పుడు ఆధారంగా తీసుకునే మాటల సగటు ధ్వని పటం 1994లో డెనిస్ బర్న్ బృందం 12 భాషలను కొలిచి తయారు చేసింది. అందులో సింహళం ఉంది, తెలుగు లేదు. భాషల మధ్య తేడాలు పెద్దగా లేవని వాళ్లే తేల్చారు, నేను దాన్ని కాదనడం లేదు. సగటులో కలిసిపోయే తేడాలు విడి అక్షరం దగ్గర ఇలా బయటపడతాయని మాత్రం ఈ వారం నా చేతులతో కోసి చూశాను.

జూన్ 24

స్పీకరును బిడ్డ కూర్చునే కుర్చీకి ఎదురుగా, తలకు మీటరు దూరంలో పెట్టాం. శబ్దం ఆ మీటరు దాటడానికి మూడు మిల్లీసెకన్లు పడుతుంది. మిషన్ తన లెక్కలు చేసుకోవడానికి మరికొన్ని తీసుకుంటుంది. బెరాకైతే ఈ ఆలస్యం కొంప ముంచేది, వంద మిల్లీసెకన్ల తర్వాత వచ్చే తరంగానికి పట్టింపు లేదు.

స్థాయిలు మూడు: 55, 65, 75 డెసిబెల్. మెల్లగా, మామూలుగా, గట్టిగా మాట్లాడినట్లు. 30 మిల్లీసెకన్ల శబ్దాన్ని మీటరుతో కొలిస్తే ముల్లు పైకి లేచేలోపే శబ్దం అయిపోతుంది. అందుకని అదే ముక్కను ఎడం లేకుండా వరసగా అతికించి, పది సెకన్ల శబ్దంగా చేసి, తల ఉండే చోట మీటరు పెట్టి కొలిచాను.

మొదటి స్పీకరు పనికిరాలేదు. శబ్దానికీ శబ్దానికీ మధ్య సెకనుకు పైగా నిశ్శబ్దం ఉంటుంది కదా, ఆ స్పీకరు నిశ్శబ్దం రాగానే తనంతట తాను నోరు మూసుకుని, శబ్దం వచ్చాక తెరుచుకుంటోంది. ఆ తెరుచుకోవడంలో మొదటి కొన్ని మిల్లీసెకన్లు పోతున్నాయి. మా గ శబ్దంలో దెబ్బ ఉన్నది సరిగ్గా అక్కడే. మైకు పెట్టి రికార్డు చేసి చూస్తే గాని ఇది తెలియలేదు, చెవికి తేడా పట్టలేదు. అలాంటి తెలివి లేని పాత స్పీకరును, విడి యాంప్లిఫయరును తెచ్చి పెట్టాం.

జూన్ 30

మొదటి తల నాదే. నడినెత్తి మీద ఒక ఎలక్ట్రోడు, చెవి వెనక ఎముక మీద ఒకటి, నుదుటి మీద నేల తీగది (గ్రౌండ్) ఒకటి. చర్మం దగ్గర విద్యుత్ నిరోధం 5 కిలో ఓముల లోపు ఉండాలి. వైర్లను జడ అల్లినట్లు అల్లితే గదిలోని 50 హెర్ట్జ్ కరెంటు రొద చాలావరకు తగ్గింది. ట్యూబ్‌లైటు ఆర్పేస్తే ఇంకా తగ్గింది.

మెదడులో ఎప్పుడూ నడిచే విద్యుత్తు పది, ఇరవై మైక్రోవోల్టులుంటే, మనకు కావలసిన స్పందన అందులో కొద్ది భాగమే. ఒకే శబ్దాన్ని మళ్లీ మళ్లీ వినిపించి సగటు తీయడమే ఉపాయం. నూరుసార్లు వినిపిస్తే సంబంధం లేని రొద పదో వంతుకు తగ్గుతుంది, శబ్దానికి కట్టుబడి వచ్చేది మిగులుతుంది. శబ్దాల మధ్య 1125 మిల్లీసెకన్ల ఎడం. నూరు శబ్దాలకు రెండు నిమిషాలు దాటదు.

పుస్తకాల్లో చూసిన తరంగమే నా నెత్తి మీద నుంచి వచ్చింది: 104 మిల్లీసెకన్ల దగ్గర లోయ, 181 దగ్గర గుట్ట. పదేళ్లుగా ఇతరుల మెదడు తరంగాలు చదువుతున్నాను. నా తల్లి మాటలూ నా బిడ్డల మాటలూ చేరే చోటు ఇదే కదా అనుకుంటూ ఆ గీతను చాలాసేపు చూశాను.

జూలై 13

బయటి శబ్దాలు ఉండవని ఆదివారం పెట్టుకున్నాం. సికింద్రాబాద్ బోనాలు ఇవాళేనని గుర్తుంచుకోలేదు. గది గోడలు మాటల్ని ఆపుతాయి గాని డప్పుల్ని ఆపలేవు. ముగ్గురు పెద్దవాళ్ల రికార్డింగులు పక్కన పెట్టేశాం. చప్పుడు శబ్దాన్ని కప్పేయడం ఒక ఎత్తయితే, లోపల కూర్చున్నవారి పాదం తాళం వేయడం మరో ఎత్తు, ఆ కండరాల కదలిక కూడా గీతలో పడింది. సర్దేసి, బయటికి వెళ్లి, ఊరేగింపు చూశాం. బోనమెత్తిన ఒక తల్లి చంకలోని పిల్లవాడు ప్రతి దెబ్బకీ కనురెప్పలు టపటపలాడిస్తున్నాడు. నా కళ్లు వాడి మీదే ఉన్నాయి.

జూలై 24

గీత చూసి "ఉంది", "లేదు" అని కంటితో చెప్పడం నాకు నచ్చలేదు. తల్లి ముఖం చూసినప్పుడు గుట్ట లేని చోట కూడా గుట్ట కనబడుతుంది. అందుకే లెక్కకు వదిలేయాలనుకున్నాను. శబ్దం తర్వాత 101 నుంచి 550 మిల్లీసెకన్ల వరకున్న భాగాన్ని 50 మిల్లీసెకన్ల చొప్పున తొమ్మిది ముక్కలు చేసి, ఒక్కో ముక్క సగటు తీసి, ఈ తొమ్మిది విలువల కట్ట సున్నాకు నిజంగా దూరంగా ఉందా అని అడగాలి. హెరాల్డ్ హోటెలింగ్ 1931లో ఇచ్చిన టీ స్క్వేర్ పరీక్ష దీనికే. సిడ్నీ వాళ్లూ దీన్నే వాడారు. దీని గొప్ప ఏమిటంటే తరంగం ఏ ఆకారంలో ఉండాలో ముందే చెప్పనక్కరలేదు. పెద్దవాళ్లలో లోయ వచ్చే చోట పసిపిల్లల్లో వెడల్పైన గుట్ట వస్తుంది, వయసుతో మారుతుంది కూడా. యంత్రంలోంచి డేటా బయటికి తీసి, పైథాన్‌లో రాసి నడిపించాను.

తర్వాత స్పీకరు తీగ పీకేసి, శబ్దం లేకుండా ఇరవై రికార్డింగులు చేశాం. నూటికి ఐదు పొరపాట్లు రావచ్చన్న హద్దు పెట్టుకున్నాం కాబట్టి ఇరవైలో ఒకటి "స్పందన ఉంది" అని రావాలి. ఒకటే వచ్చింది. మనసు కుదుటపడింది.

కానీ ఇంకో పని చేసి చూశాను. ప్రతి పది శబ్దాలకూ ఒకసారి లెక్క చూస్తూ, పొరపాటు అవకాశం హద్దులోకి రాగానే "వచ్చింది" అని ఆపేస్తే ఏమవుతుంది? అదే నిశ్శబ్దపు డేటాలో ఇరవైకి నాలుగు "స్పందనలు" వచ్చాయి. శబ్దమే లేదు, నలుగురు విన్నారు! బిడ్డ ఏడుపు మొదలుపెట్టకముందే ముగించాలన్న తొందరలో ఎవరైనా ఇలాగే చేస్తారు. ఇకనుంచి నూటయాభై శబ్దాలు పూర్తయ్యాకే లెక్క తెరవాలి. ఈ నియమం రాసి గోడకు అంటించాను.

ఆగస్టు 6

మొదటి పాప. వినికిడి లోపం లేని తొమ్మిది నెలల పాప, మా దగ్గర పనిచేసే ఆమె కూతురు. నానమ్మ కూడా వచ్చింది.

నేను ఎలక్ట్రోడు పెట్టాల్సిన నడినెత్తి అంటే నానమ్మ రోజూ ఆముదం పెట్టే మాడే. జిడ్డు వదలలేదు, నిరోధం 20 దాటి ఉంది. మెల్లగా తుడిచి, మాడు గుంట మీద నొక్కకుండా కొంచెం పక్కకు జరిపి అంటించాను. నుదుటి దగ్గర ఇంకో అడ్డు. "దిష్టిచుక్క తుడవకమ్మా, కొత్త చోటికి వచ్చాం" అన్నారు నానమ్మ. తుడవలేదు. ఎలక్ట్రోడును చుక్కకు రెండు వేళ్ల ఎడంగా పెట్టాను. నేల తీగకు ఆ జరుగుబాటు ఫరవాలేదు, నానమ్మకు మాత్రం అది పెద్ద విషయం.

పాపను అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, మా సహాయకురాలు చప్పుడు చేయని బట్ట బొమ్మలతో ఆడించింది. పాలు తాగుతూ ఉంటే దవడ కదలిక రికార్డింగును పాడుచేస్తుంది, ఏడిస్తే ఇంకా అన్యాయం. మూడు శబ్దాలూ 65 దగ్గర పూర్తిచేయడానికి నలభై నిమిషాలు పట్టింది, అందులో అసలు రికార్డింగు పది నిమిషాలు. మూడింటికీ స్పందన వచ్చింది. సుమారు 200 మిల్లీసెకన్ల దగ్గర ఒకే పెద్ద గుట్ట.

ఆగస్టు 14

తప్పు మాదే. ఇద్దరు పిల్లల తల్లిదండ్రులకు ఫోనులో "పరీక్షకు రండి" అని మాత్రమే చెప్పాం. ఇంతకుముందు బెరాకు "రాత్రి తక్కువ పడుకోబెట్టి, ఇక్కడికి వచ్చాక నిద్రపుచ్చండి" అని చెప్పినవాళ్లం మేమే. వాళ్లు శ్రద్ధగా అలాగే చేశారు. ఇద్దరూ గాఢనిద్రలో వచ్చారు. నిద్రలో ఈ తరంగం ఆకారం మారిపోతుంది, నమ్మలేం. లేపితే ఏడుపు. ఒక కుటుంబం రెండు బస్సులు మారి వచ్చింది. వాళ్ల ఛార్జీలు మేమే ఇచ్చి, మళ్లీ రోజు రాసుకున్నాం. ఇకపై పిలుపు చీటీ మీద మొదటి వాక్యం: "బిడ్డ కంటినిండా నిద్రపోయి, కడుపునిండా తాగి, మెలకువగా ఉండాలి. ఇది బెరా కాదు."

ఆగస్టు 19

వినికిడి బాగున్న ఇంకో పాప. పది నెలలు. మ, గ రెండూ వచ్చాయి. స శబ్దానికి 55 దగ్గర ఏమీ లేదు. మళ్లీ చేశాం, లేదు. అదే గదిలో అదే పూట, పాప వెనక నుంచి నేను "స్స్" అని మెల్లగా అంటే చక్కగా తిరిగి చూసింది.

ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నేర్చుకున్నదాంట్లో ఇదే పెద్దది. స్పందన కనబడితే శబ్దం మెదడు పైపొర దాకా చేరినట్లే. కనబడకపోతే చేరలేదని చెప్పలేం. పాప ధ్యాస, కదలిక, మిగిలిపోయిన రొద, చిన్న తరంగం, ఏదైనా కారణం కావచ్చు. ఈ సంగతి చెప్పకుండా "లేదు" అన్న కాగితం చేతికిస్తే ఒక తల్లి ఇంటికి వెళ్లే దారంతా ఏడుస్తుంది. అందుకే రిపోర్టులో "లేదు" అన్న మాట తీసేశాను. "ఈ పూట పట్టుబడలేదు" అని రాస్తాం. అలా వచ్చిన ప్రతిసారీ మొదట అనుమానించేది బిడ్డను కాదు, మా పరికరాన్ని. తర్వాత చెవి మిషన్‌ను.

సెప్టెంబరు 3

మిషన్ వాడే బాబు, పదకొండు నెలలు. ఒక్కో పౌనఃపున్యాన్ని విడిగా చూసే టోన్ బర్స్ట్ బెరా ప్రకారం తక్కువ పౌనఃపున్యాల్లో 45, 4000 హెర్ట్జ్ దగ్గర 75 డెసిబెళ్ల లోపం. ఆరో నెలలో రెండు చెవులకూ మిషన్లు పెట్టాం. పోయిన వారం తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి వచ్చారు. నున్నటి గుండు మీద ఎలక్ట్రోడు నిమిషంలో అంటుకుంది, నిరోధం 2. ఇంత సులువుగా ఎప్పుడూ కాలేదు.

స్పీకరు ఎదురుగా ఉన్నందున ఏ చెవి విన్నదో తెలియదు. అందుకని ఎడమ మిషన్ తీసి, కుడి చెవి ఒక్కదానితో 65 దగ్గర చేశాం. మ వచ్చింది. గ వచ్చింది. స పట్టుబడలేదు. మిగిలిన రొద తక్కువగానే ఉంది, బాబు మెలకువగా, హుషారుగా ఉన్నాడు. నియమం ప్రకారం స్పీకరు చూశాం, సరిగ్గానే ఉంది. మిషన్‌ను టెస్ట్ బాక్సులో పెట్టి మా శబ్దాలనే వినిపించి చూశాం. 4000 దగ్గర ఉండాల్సిన దానికన్నా 14 డెసిబెళ్లు తక్కువ ఇస్తోంది.

తండ్రిని అడిగితే విషయం తెలిసింది. రెండు నెలల క్రితం మిషన్ ఈల వేస్తోందని వేరే చోట చూపించారు. అక్కడ పై పౌనఃపున్యాలు తగ్గించి ఈల ఆపేశారు. ఈలకు అసలు కారణం మౌల్డ్, అంటే చెవి రంధ్రంలో అమరే మిషన్ ముక్క. పసిపిల్లల చెవి నెలనెలా పెరుగుతుంది, మౌల్డ్ పెరగదు. వదులైన సందులోంచి శబ్దం బయటికి వచ్చి మళ్లీ మైకులో పడితే ఈల. కొత్త మౌల్డ్ చేయాల్సిన చోట స, చ, శ శబ్దాలు తీసేశారు. బయటికి చూస్తే మిషన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, పిలిస్తే బాబు పలుకుతున్నాడు, ఎందుకంటే పిలుపులో అచ్చులుంటాయి. ఇంకో ఏడాది ఎవరికీ తెలిసేది కాదు.

కొత్త మౌల్డ్‌లకు రెండు చెవుల అచ్చులూ తీసుకున్నాం.

సెప్టెంబరు 18

ఇవాళ్టి పాప విషయం వేరు. పుట్టగానే కామెర్లు బాగా ఎక్కువై, ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు పద్నాలుగు నెలలు. చెవి లోపలి రోమకణాల పరీక్షలో స్పందన బాగుంది, బెరాలో గీత చదునుగా ఉంది. దీన్ని ఆడిటరీ న్యూరోపతి అంటారు. చదునైన బెరా చూసి ఎవరో "బిడ్డకు అసలు వినబడదు" అని ఒక్క మాటలో చెప్పి పంపారట.

ఆ తల్లికి నేను బోనాల డప్పుల ఉదాహరణ చెప్పాను. యాభై మంది ఒకే క్షణంలో దెబ్బ కొడితే దూరానికి ఒక పెద్ద "ధన్" వినిపిస్తుంది. అందరూ కొడుతున్నా ఒకరి దెబ్బకూ ఇంకొకరి దెబ్బకూ రవ్వంత తేడా వస్తే ఆ "ధన్" ఉండదు. కానీ డప్పులు మోగుతున్నాయనే సంగతి వీధి చివరిదాకా తెలుస్తూనే ఉంటుంది. బెరాకు నాడుల దెబ్బ మిల్లీసెకను కన్నా తక్కువ తేడాతో కలిసిపడాలి. పైపొర తరంగం నిదానమైనది, ఆ తేడాను ఓర్చుకుంటుంది.

మిషన్లు పెట్టి, 65 దగ్గర మ, గ రెండూ వచ్చాయి. స 75 దగ్గర వచ్చింది. అంటే శబ్దం చేరుతోంది. ఎంత స్పష్టంగా చేరుతోందో, మాటల మధ్య తేడా తెలుస్తోందో లేదో ఈ పరీక్ష చెప్పదు. అది కాలమూ, థెరపీ, తల్లి పరిశీలనా కలిసి చెప్పాలి. కాక్లియర్ ఇంప్లాంటు (లోపలి చెవిలో ఆపరేషన్‌తో అమర్చే పరికరం) ఆలోచన పక్కన పెట్టమని నేను చెప్పలేదు. ఈ పాపకు అదే మేలు కావచ్చు. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు మూడున్నరేళ్లలోపు ఇంప్లాంటు పెడితే ఈ తరంగం వయసుకు తగిన వేగాన్ని అందుకుంటుందని, ఏడేళ్లు దాటాక పెడితే చాలామందిలో అందుకోలేకపోతోందని వినికిడి శాస్త్రవేత్త అను శర్మ బృందం చూపించింది. కాబట్టి కూర్చుని ఎదురుచూడడానికి సమయం లేదు. మూడు నెలల థెరపీ, మళ్లీ ఇదే పరీక్ష, ఆ తర్వాత సర్జన్‌తో కలిసి మాట్లాడుకోవడం, ఇలా రాసుకున్నాం.

వెళ్లేముందు తల్లి తలుపు దగ్గర ఆగింది. "అయితే నేను పాడే జోల దీనికి ఏదో ఒకలా చేరుతోందన్నమాట" అంది. చేరుతోందమ్మా, పాడండి, మిషన్లు తీయకముందే పాడండి అన్నాను.

అక్టోబరు 8

పదకొండు నెలల బాబు పన్నెండో నెలలో వచ్చాడు. కొత్త మౌల్డ్‌లు పెట్టి, తగ్గించిన శబ్దాన్ని మళ్లీ లక్ష్యానికి తెచ్చి మూడు వారాలైంది. టెస్ట్ బాక్సులో 4000 దగ్గర లోటు 14 నుంచి 2కు దిగింది. ఈల లేదు.

జుట్టు మొలకలెత్తింది, ఆముదమూ మొదలైంది. తుడిచి అంటించడానికి పావుగంట. కుడి చెవి, 65, స. నూటయాభై శబ్దాలు. గోడ మీది నియమం ప్రకారం చివరిదాకా లెక్క తెరవలేదు. నూట ఇరవై దగ్గర బాబు బొమ్మను విసిరేశాడు, నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. పూర్తయ్యాక తెరిచాను. స్పందన ఉంది. పొరపాటు అవకాశం హద్దుకు చాలా లోపల. గుట్ట 190 దగ్గర. నమ్మకం కోసం మిషన్ ఆపి అదే శబ్దం మళ్లీ వినిపించాం. పట్టుబడలేదు.

తండ్రి ఆ రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి ప్రింటు తీసి ఇమ్మన్నాడు. ఇచ్చాను. మౌల్డ్ మళ్లీ ఎప్పుడు మార్చాలో అతనే అడిగి, ఫోనులో రోజు పెట్టుకున్నాడు.

ఎడమ చెవికి బాబు ఓపిక చాల్లేదు. వచ్చే బుధవారం పొద్దున పది గంటలకు రమ్మన్నాం, నిద్రపోయి లేచాక.